మోటుపల్లి పేరు పుట్టుక

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో, బకింగ్‌హాం కాలువ దాటి సముద్రం వైపు వెళితే ఇసుక నేల మీద మోటుపల్లి కనిపిస్తుంది. ఊరి బతుకు సముద్రం మీద, వేట మీద. చుట్టుపక్కల చినగంజాం ఉప్పు కొఠార్లు, కాస్త ఉత్తరాన వేటపాలెం, చీరాల మగ్గాలు. బయటివాళ్ళు ఈ ఊరికి వచ్చేది సాధారణంగా గుడుల కోసం. వీరభద్రాలయ మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244-45లో, వేయించిన అభయశాసనం ఉంది. తెలుగునాట చరిత్ర చదువుకున్నవాళ్ళందరికీ ఆ శాసనం తెలుసు. ఊరి పేరు సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 'మోటుపల్లి రేవు' అని పాఠ్యపుస్తకాల్లో రాసి ముందుకు వెళ్ళిపోతాం. ఆ మోటు ఏమిటి? ఆ పల్లి ఏమిటి? ఎవరు పెట్టారు?

ఈ ప్రశ్నను చిన్నదని తీసిపారేయడానికి లేదు. ఈ ఊరికి ఆ పేరొక్కటే లేదు. రాజులు ఒక పేరు పెట్టారు, పండితులు ఇంకొకటి పెట్టారు, పరదేశి నావికులు తమ నోటికి తిరిగినట్టు మరొకటి పలికారు. వాటిలో నిలిచింది మోటుపల్లి ఒక్కటే. నిలిచిన పేరు ఎందుకు నిలిచిందో చెప్పగలిగితే, తీరంలో ఊళ్ళు ఎలా పుట్టాయో కొంత తెలుస్తుంది.

ముందు పరదేశుల సంగతి చూద్దాం. ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది వాళ్ళ వల్లనే. 13వ శతాబ్దం చివర మార్కోపోలో చెప్పి రాయించిన గ్రంథంలో 'ముత్‌ఫిలి' అనే రాజ్యం ఉంది. అది మాబారుకు, అంటే తమిళ తీరానికి, ఉత్తరాన ఉన్నదట. దాన్ని ఒక రాణి ఏలుతున్నదట. అక్కడి కొండల్లో వజ్రాలు దొరుకుతాయట. సాలెగూడంత పలచని నూలుబట్టలు నేస్తారట. రాణి రుద్రమదేవి అనీ, రాజ్యం కాకతీయులదనీ మనవాళ్ళు పోల్చుకున్నారు. ఆమెను చనిపోయిన రాజుకు భార్యగా చెప్పడం మార్కోపోలో పొరపాటు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. చందుపట్ల శాసనం ప్రకారం ఆమె 1289లో మరణించింది కనుక, ఆయన ఈ తీరానికి వచ్చాడా, ఓడవాళ్ళ మాటలు విని రాశాడా అన్న వాదం కూడా ఉంది. మన ప్రశ్నకు ఆ వాదంతో పని లేదు. మనకు కావలసింది ఆయన రాసిన పేరు.

ఆ పేరు చాలాకాలం పండితులను తికమక పెట్టింది. చేతిరాత ప్రతుల్లో ముత్‌ఫిలి, ముర్ఫిలి, మోన్సుల్ అని రకరకాలుగా ఉంది. 1818లో మార్కోపోలోను ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం మార్స్‌డెన్ ఇది మచిలీపట్నం అన్నాడు. ఆయన కాలానికి ఈ తీరంలో పేరున్న రేవు మచిలీపట్నమే, అక్షరాలు కూడా కొంత దగ్గరగానే ఉన్నాయి, కాబట్టి ఆ ఊహ సహజమే. ఆ తర్వాత హెన్రీ యూల్ వ్యాఖ్యానంతో మోటుపల్లి అన్న గుర్తింపు స్థిరపడింది. ఇప్పుడు దాన్ని కాదనేవాళ్ళు లేరు. కానీ ఎందుకు కాదనలేమో చెప్పవలసిన ముఖ్యమైన కారణాన్ని మన పుస్తకాలు వదిలేస్తాయి. అరబ్బీలో ప-కారం లేదు. మన ప వాళ్ళ నోట ఫ అవుతుంది. మన ట-కారమూ వాళ్ళకు లేదు, దానికి త-వర్గపు ధ్వని పడుతుంది. ఓ-కారం ఉ వైపు జరుగుతుంది. మోటుపల్లిని అరబ్బు నావికుడు పలికితే ముత్‌ఫిలి కాక మరొకటి కావడం కష్టం. వెనీసు వర్తకుడి పుస్తకంలోకి ఆ పేరు తెలుగువాళ్ళ నోటి నుంచి నేరుగా ఎక్కలేదు, హిందూ మహాసముద్రంలో వ్యాపారం చేసే అరబ్బీ, పారశీక నావికుల మాట మీదుగా ఎక్కింది. 1375 నాటి కటలాన్ పటంలో 'బుతిఫిలిస్' అని ఒక నగరం పేరు కనిపిస్తుంది. అదీ ఈ ముత్‌ఫిలే. ఇప్పటి మన పల్లె పేరు, వంకరపోయిన రూపంలోనైనా, మధ్యధరా ప్రాంతంలో గీసిన పటంలోకి ఎక్కింది.

ఇక్కడ ఒక చిక్కు గురించి హెచ్చరించాలి. 17వ శతాబ్దపు డచ్చి, ఇంగ్లీషు కంపెనీల రాతల్లో 'పెటపోలి' అనే రేవు తరచు వస్తుంది. డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ కొఠీలు పెట్టుకున్నారు. ఆ పెటపోలి నిజాంపట్నం. దాని పాత పేరు పెద్దపల్లి. ఒకే తీరంలో రెండు పల్లెలు, రెండింటి పేర్లూ పరదేశుల నోట ముక్కలైనవే. పెటపోలి గురించి చదివింది మోటుపల్లికి అంటగడితే ఈ ఊరి చరిత్ర రెండు మూడు వందల ఏళ్ళు ముందుకు జరిగిపోతుంది. కంపెనీ ఓడలు వచ్చేసరికి మోటుపల్లి పొద్దు ఎప్పుడో వాలింది.

విదేశీ రూపాలు మనకు చెప్పేది ఇంతే: 1290ల నాటికి ఊరి పేరు ఉరామరిగా ఇప్పటిదే. అర్థం గురించి అవి ఏమీ చెప్పవు.

రాజులు పెట్టిన పేరు దగ్గరికి వద్దాం. గణపతిదేవుడి శాసనంలోనే మోటుపల్లికి దేశ్యుయ్యకొండపట్టణం అనే రెండో పేరుంది. పలకడానికి బరువైన ఈ పేరును విడదీస్తే దేశి, ఉయ్యక్కొండ, పట్టణం. దేశి అంటే దేశదేశాలు తిరిగే వర్తకులు. నానాదేశులు అని శాసనాల్లో వచ్చేది వీళ్ళే, అయ్యావళి అయిదువందలవారి వంటి పెద్ద వర్తక శ్రేణులకు చెందినవాళ్ళు. ఉయ్యక్కొండ తమిళ మాట. బతికించిన, గట్టెక్కించిన అని దాని భావం. అది చోళరాజుల బిరుదుల్లో ఉన్న మాట. తిరుచ్చి దగ్గర ఇప్పటికీ నీరు పారే ఉయ్యక్కొండాన్ కాలువ ఆ బిరుదుకు గుర్తు. మొత్తం పేరుకు అర్థం దేశి వర్తకులను బతికించిన పట్టణమని.

ఇక్కడ ఒక అందమైన ఊహ ఎవరికైనా తడుతుంది. అదే శాసనంలో గణపతిదేవుడు చేసింది వర్తకులను బతికించడమే కదా! తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకొని సముద్రం మీదికి దిగిన వాళ్ళ మీద దయతో, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నానని ఆయన ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్ఫైకి ఒకటి. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు, వీటిలో దేనికెంతో శాసనంలోనే ఉంది. ఓడ పగిలిన వర్తకుడి సరుకు వర్తకుడిదే అన్న మాట 13వ శతాబ్దంలో ఒక రాజు నోట రావడం గొప్ప విషయం. ఆ మాటను రాతి మీద చెక్కించి రేవులో నిలబెట్టడం అంతకంటే గొప్ప. మన తెలుగు శాసనాల్లో దీనికంటే మానవత్వం ఉన్నది నా లెక్కన మరొకటి లేదు.

అయినా ఆ పేరును ఈ దయకు ముడిపెట్టడం కుదరదు. పేరు తమిళం. గణపతిదేవుడు ఓరుగల్లు నుంచి కొత్తగా పేరు పెట్టదలచుకుంటే తమిళ బిరుదును ఎందుకు ఎత్తుకుంటాడు? 11వ శతాబ్దం చివరి నుంచి 12వ శతాబ్దం దాకా ఈ తీరం చాళుక్యచోళులది, వాళ్ళ పేర వెలనాటి చోడులది. రేవులకు రాజుల బిరుదులు తగిలించడం ఆ కాలపు అలవాటు. విశాఖపట్నాన్ని కులోత్తుంగచోళపట్టణం అన్నారు. నెల్లూరు సీమలో కొల్లిత్తురై అనే రేవు గండగోపాలపట్టణం అయింది. ఇప్పటి కృష్ణపట్నం అదే. దేశ్యుయ్యకొండపట్టణం కూడా ఆ వరసలోనిదే. వర్తక శ్రేణుల రాకపోకలు పెరిగిన రోజుల్లో అది చోళుల నాటి అధికారిక నామంగా పుట్టి ఉండాలి. 13వ శతాబ్దం మొదట్లో తీరాన్ని గెలిచి, దివిసీమ నాయకులతో వియ్యమందిన గణపతిదేవుడికి ఆ పేరు అప్పటికే ఉన్న పేరుగా చేతికి వచ్చింది.

ఇలా పెట్టిన పేర్ల గతి ఏమైందో చూడండి. కులోత్తుంగచోళపట్టణం అంటే విశాఖలో ఎవరికీ తెలియదు. గండగోపాలపట్టణం పోయింది. దేశ్యుయ్యకొండపట్టణం పోయింది. సుంకం లెక్కల్లో, దానపత్రాల్లో రాసుకోవడానికి పనికొచ్చిన పేర్లు ఆ లెక్కలు రాసే కొలువు పోగానే పోయాయి.

రెడ్డిరాజుల కాలానికి మూడో పేరు వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లో కూలాక తీరం కల్లోలమైంది. అద్దంకిలో రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి కాలంలో మోటుపల్లి మళ్ళీ దారిన పడింది. ఆయన కొడుకు అనవోతారెడ్డి 1358లో, మంత్రి సోమయ్య ద్వారా, మోటుపల్లి వర్తకులకు మరో ధర్మశాసనం ఇచ్చాడు. వచ్చి స్థిరపడతామన్న వర్తకులకు ఇళ్ళూ భూములూ ఇస్తాం, వెళ్ళిపోతామంటే అడ్డుపెట్టం, సరుకు ఎవరికి నచ్చితే వాళ్ళకు అమ్ముకోవచ్చు, కొడుకులు లేకుండా పోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రికదండం ఇక ఉండదు అని అందులో హామీ. దాన్ని తెలుగుతోపాటు తమిళంలోనూ రాయించారు. రేవులో ఎవరు చదవాలో తెలిసి చేసిన పని అది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1948లో వచ్చిన రెడ్డిరాజ్యాల చరిత్రలో ఈ శాసనం విలువను బాగా చెప్పారు. మోటుపల్లి వంటి రేవుల్లో దిగిన సరుకు ఎక్కడికి చేరేదో తెలియాలంటే శ్రీనాథుడి హరవిలాసం అవతారిక చూడాలి. కృతిభర్త అవచి తిప్పయసెట్టి కుటుంబం పంజార నుంచి కర్పూరం, సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించేదని అక్కడ ఉంది.

ఈ రెడ్డిరాజుల నాటి సంస్కృతంలో మోటుపల్లి ముకుళపురం అయింది. ముకుళం అంటే మొగ్గ. పురం అంటే పల్లి. మరి మోటుకు మొగ్గ ఎలా వచ్చింది? తెలుగులో మోటుకూ మొగ్గకూ సంబంధం లేదు. తమిళంలో మొగ్గను మొట్టు అంటారు. తమిళం తెలిసిన పండితుడెవరో మోటును మొట్టుగా విని ముకుళం చేశాడని నాకు అనిపిస్తుంది. ఇది పండితులకు కొత్త విద్య కాదు. ఓరుగల్లును ఏకశిల చేశారు, పెనుగొండను ఘనగిరి చేశారు. అలాంటి పేర్లు ఊరు పుట్టిన నాటి సంగతి చెప్పవు. ఆ అనువాదం చేసిన నాటికి ఆ మాట పండితుడి చెవికి ఎలా వినిపించిందో చెబుతాయి. మొగ్గల పల్లె అంటే వినడానికి ఇంపుగా ఉంటుంది కానీ, ఉప్పుగాలి కొట్టే ఇసుక దిబ్బ మీద మొగ్గను చూసి ఊరికి పేరు పెట్టారంటే ఒప్పుకోవడం కష్టం.

ఇంతకీ ఆ మాట మొట్టా, మోటా? రాయి ఈ విషయంలో సాయం చేయదు. ఆ కాలపు తెలుగు శాసనాల్లో ఒ-ఓలకు, ఎ-ఏలకు తేడా రాసేవారు కాదు. తమిళ రాతలోనూ అంతే. అక్కడ ఆ గుర్తులు స్థిరపడింది 18వ శతాబ్దంలో. కాబట్టి రాతి మీద 'మో' అని కనిపించినా హ్రస్వమో దీర్ఘమో తేల్చలేం. దానికి సాక్ష్యం ఊరివాళ్ళ నోరే. ఊరివాళ్ళు మోటుపల్లి అనే అంటున్నారు, దీర్ఘంతోనే. అక్షరం దాచిన దాన్ని నోరు నిలబెట్టింది కాబట్టి నేను దీర్ఘాన్నే నమ్ముతాను.

దీర్ఘమే అయితే మోటు అంటే ఏమిటి? తెలుగులో మోటు అనగానే మొరటు, నాజూకు లేనిది అన్న అర్థం ముందుకొస్తుంది. మొరటువాళ్ళ పల్లె అన్న వివరణ ఇక్కడి నుంచే పుడుతుంది. వేటకు వెళ్ళేవాళ్ళను ఊళ్ళోవాళ్ళు చిన్నచూపు చూసి పెట్టిన పేరన్నమాట. నాకు ఇది నచ్చదు, నచ్చకపోవడానికి కారణం జాలి కాదు. ఎగతాళి పేరును ఊరివాళ్ళే మోయాలంటే దాన్ని బయటివాళ్ళు శాసనంలో, పన్ను లెక్కల్లో బలవంతంగా నిలబెట్టాలి. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కొలువులు వేరే పేర్లు పెట్టినా మోటుపల్లే మిగిలింది.

మూటల నుంచి మోటు వచ్చిందేమో, సరుకు మూటలు దిగిన పల్లె కదా అని మరొక ఊహ చేయవచ్చు. దీన్ని పరీక్షించడానికి ఒక తేలిక దారి ఉంది. మోటుతో మొదలయ్యే ఊళ్ళు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో చూడటం. గుడివాడ దగ్గర మోటూరు ఉంది. మోటూరి అని ఇంటిపేరు విన్నవాళ్ళం కూడా. కృష్ణా సీమకూ ఖమ్మం సీమకూ మధ్యన మోటుమర్రి ఉంది, రైలు జంక్షనుగా చాలామందికి తెలుసు. ఇవి రేవులు కావు, మూటలు దిగిన చోట్లు కావు. మోటుమర్రిలో అర్థం దాచినా దాగదు: మొద్దుబారిన, లావెక్కిన, తల తెగిన మర్రి. మోడు, మొద్దు అన్న మాటల దగ్గరి చుట్టమే ఈ మోటు. చెట్టు నరికాక నేల మీద నిలిచిన బొత్తు. ఊళ్ళ పేర్లలో తెలుగు మోటుకు పాత అర్థం ఇదేనని ఈ మూడు పేర్లూ పక్కపక్కన పెడితే గట్టిగా అనిపిస్తుంది. మొరటుతనమనే అర్థం దాని నుంచి తర్వాత వచ్చింది.

తమిళం వైపు నుంచి చూస్తే ఇంకో మాట ఎదురవుతుంది. అక్కడ మోడు అంటే ఎత్తు, ఉబ్బు. ఇంటికప్పు నడికొప్పును మోట్టువళై అంటారు. మోడు ఇంకో మాటతో కలిసినప్పుడు మోట్టు అవుతుంది. కాబట్టి తమిళుల నోట ఈ ఊరు మోట్టుప్పళ్ళి, ఎత్తు మీది పల్లె. తెలుగులో ఇలాంటి మాటలకు సమాసంలో వేరే రూపం వస్తుంది: కాడు కాటి అవుతుంది, వీడు వీటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది. మోడు అయితే మోటి కావాలి, మోటిపల్లి కావాలి. కాలేదు. కాబట్టి మోటుపల్లిలో ఉన్నది తెలుగు 'మోటు' మాటే కావచ్చు, లేదా తమిళ 'మోట్టు' తెలుగు నోట పలచబడినదీ కావచ్చు. పాట్టు పాట అయినట్టు, ఆట్టం ఆట అయినట్టు, దీర్ఘం తర్వాతి ద్విత్వం తెలుగులో ఒంటరి అవుతుంది.

తమిళ వివరణను ఇక్కడ పరాయిదని తోసేయకూడదు. ఈ తీరంలో వేటగాళ్ళ జాతుల పేర్లు చూడండి. నెల్లూరు, ప్రకాశం తీరంలో పట్టపువాళ్ళు ఉన్నారు. తమిళ తీరపు పట్టినవర్లతో వాళ్ళకు చుట్టరికం. పట్టినం అన్న మాట నుంచే ఆ పేరు. గుంటూరు, కృష్ణా తీరంలో పల్లెకారులు ఉన్నారు. పల్లి, పల్లె అన్న మాట నుంచి వచ్చిన పేరది. దక్షిణం నుంచి వచ్చే పట్టపు, ఉత్తరం నుంచి వచ్చే పల్లె సరిగ్గా ఈ చుట్టుపక్కల కలుస్తాయి. మోటుపల్లి ఆ సంధిలో ఉంది. రెండు భాషల నోళ్ళలోనూ అర్థం తోచే పేరు ఇక్కడ పుట్టడంలో వింత లేదు.

పల్లి గురించి కూడా ఒక మాట. లోపలి ఊళ్ళలో పల్లి అంటే చిన్న ఊరు. తమిళంలో పళ్ళికి జైన, బౌద్ధ విహారమనే అర్థం బలంగా ఉంది. దాన్ని పట్టుకొని మోటుపల్లి మొదట విహారమని వాదించవచ్చు. వాదానికి ఆధారం లేకపోలేదు. చినగంజాంలో యజ్ఞశ్రీ శాతకర్ణి 27వ రాజ్యవర్షం నాటి శాసనం దొరికింది. ఈ తీరమంతా బౌద్ధం వెలిగింది. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించినది ఆ రాజే. అయితే ఇరుగుపొరుగు పల్లెలన్నిటికీ విహారం అంటగట్టలేం. పెద్దపల్లి వేట పల్లే, తర్వాత నిజాంపట్నం అయింది. తీరంలో పల్లి అంటే వేటగాళ్ళు ఇళ్ళు కట్టుకున్న చోటు. ఇక్కడ వేరే అర్థం వెతకనక్కర లేదు.

మరి పల్లె పేరు రేవుకు ఎందుకు నిలిచింది? ఇక్కడ రేవు ఎలా నడిచేదో గుర్తు చేసుకోవాలి. కోరమాండల్ తీరంలో లోతైన సహజ రేవులు దాదాపు లేవు. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి నిలిచేవి. ఒడ్డుకూ ఓడకూ నడుమ అలలు విరిగే చోటు ఉంది. కీలుమేకులు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు ఆ దెబ్బకు తట్టుకునేవి. ఆ పడవలు నడిపేది వేటగాళ్ళు. ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో, నీరు సముద్రంలో కలిసే మొగ ఎప్పుడు పూడుతుందో, పోటు పాట్ల లెక్కేమిటో వాళ్ళకే తెలుసు. చీనా కర్పూరమైనా హురుముంజి గుర్రమైనా వాళ్ళ చేతుల మీదుగానే ఒడ్డెక్కాలి. పరదేశి నావికుడు ఊరి పేరు అడిగితే జవాబు చెప్పేది ఎవరు? పడవ పంపిన వర్తకుడు కాదు, సుంకరి కాదు, తెడ్డు పట్టుకున్నవాడు. వాడు చెప్పిన పేరే అరబ్బు నావికుడు విన్నాడు, వాడి నుంచే మార్కోపోలో దాకా వెళ్ళింది. దేశ్యుయ్యకొండపట్టణం అనే పేరు పరదేశుల రాతల్లో ఒక్క చోటా లేకుండా ముత్‌ఫిలి మాత్రమే వాళ్ళ పుస్తకాల్లోకి ఎక్కడానికి కారణం ఇదే అని నా నిర్ణయం.

దీంతో మోటు అర్థం మీద కూడా కొంత వెలుగు పడుతుంది. ఊళ్ళకు పేరు పెట్టేవాళ్ళు నేల మీద నిలబడి పెడతారని మనం అనుకుంటాం. వేటగాడు సముద్రం మీంచి చూస్తాడు. తీరానికి తిరిగొచ్చేటప్పుడు, చేపలు పడిన చోటు మరోసారి పట్టుకోవాలనుకున్నప్పుడు, ఒడ్డున రెండు గుర్తులను ఒక వరసలో పెట్టుకొని దారి చూసుకోవడం వాళ్ళ పాత పద్ధతి. ఒక తాటిచెట్టు, ఒక గుడి శిఖరం, ఒక దిబ్బ. కృష్ణా డెల్టా అంచు పొడవునా సముద్రం వెనక్కు జరుగుతూ వదిలిపోయిన ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా ఉన్నాయి. చదునైన ఆ తీరంలో కాస్త ఎత్తుగా పొడుచుకొచ్చిన చోటు ఏదైనా దూరం నుంచి కనిపిస్తుంది. అది తల తెగిన చెట్టు బొత్తు కావచ్చు, గడ్డి పట్టిన దిబ్బ కావచ్చు. తెలుగు మోటు చెట్టు వైపు మొగ్గుతుంది, తమిళ మోట్టు దిబ్బ వైపు మొగ్గుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే చూపు: నేల మీంచి మొండిగా పైకి లేచిన ఆకారం. భాషల పరంగా కూడా ఈ రెండు మాటలూ ఒకే వేరు నుంచి చీలినవి కావడానికి వీలుంది. మోటుపల్లి అంటే ఆ మోటు కనిపించే చోటి పల్లె. ఇన్ని వివరణల్లో ఊరివాళ్ళ ఉచ్చారణకూ, ఇరుగుపొరుగు పేర్లకూ, నేల తీరుకూ మూడింటికీ సరిపడేది ఇదొక్కటే.

ఊరు పల్లెగా మిగిలిపోవడం వెనుక కథ అంత పొడవైనది కాదు. విజయనగర రోజుల్లో ప్రాభవం తగ్గింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఎదిగింది. గోల్కొండకు అది నేరుగా అందే రేవు. వర్తకులు అటు మళ్ళారు. ఇక మోటుపల్లి పాలన చిరునామా మారుతూ వచ్చింది: ఇంగ్లీషు పాలనలో కృష్ణా జిల్లా, 1904 నుంచి గుంటూరు జిల్లా, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు. చుట్టూ రికార్డులే కదిలాయి.

శాసనాలను హుల్ష్ వంటి పండితులు చదివి అచ్చువేసి నూరేళ్ళు దాటింది. రాతి నుంచి రావలసింది దాదాపు వచ్చేసింది. పేరు విషయంలో ఇక చేయవలసిన పని రాతి మీద లేదు, ఒడ్డున ఉంది. ఊరి చుట్టూ ఉన్న ఒక్కొక్క దిబ్బనూ, మొగనూ, వేట చోటునూ పెద్దలు ఏమని పిలుస్తారో ఎవరైనా కూర్చుని రాసుకోవాలి. పాత పైమాషీ పటాల్లో, అడంగళ్ళలో పొలాలకూ కుంటలకూ రాసిన పేర్లను వాటి పక్కన పెట్టాలి. వాటిలో ఏ దిబ్బకైనా మోటు అన్న మాట తగిలి ఉంటే పైన చెప్పిన ఊహకు బలం చేకూరుతుంది. లేకపోతే మోటుమర్రి దారిలో చెట్టు వైపు మళ్ళాలి. ఈ పనికి గడువుంది. ఇప్పుడు కుర్రాళ్ళు జీపీఎస్ చూసుకొని వేటకు వెళుతున్నారు. అందులో చేపలు పడే చోటు రెండు అంకెలు. ఒడ్డున గుర్తులు వరసపెట్టి చూసే అవసరం పోయాక, ఆ గుర్తుల పేర్లు వాడే మనుషులతోపాటే పోతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ పడవలు ఒడ్డున ఉంటాయి, వేటకు వెళ్ళే పెద్దలు ఊళ్ళోనే ఉంటారు. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడికి దగ్గరే. చరిత్ర, భాష చదివే విద్యార్థులు నలుగురు ఆ సమయంలో నోటుపుస్తకాలతో మోటుపల్లి వెళితే చాలు.